రెండు రేవుల నడుమ వెండిపొలుసు

సోమవారం. పసుపు.

పొద్దున్నే పడవ అంచులకు పట్టిన నాచు గీకి, బ్యాటరీల మీద పేరుకున్న ఉప్పు తుడిచి, ప్రాణవాయువు సిలిండర్లు నింపించుకు వచ్చాను. మా పడవ పేరు వెండిపొలుసు. కళింగరేవు నుంచి ఉప్పుదీవుల దేశానికి మనిషి చేత్తో నడిచే పడవ ఇదొక్కటే మిగిలింది. తక్కినవన్నీ వాటంతట అవే పోయి వచ్చేవి. నేను దీని సరంగును, చుక్కాని పట్టేదాన్ని. మోటారూ బ్యాటరీలూ చూసుకునేది మా చిన్నాన్న గురువులు.

ఎక్కేవాళ్ళలో చాలామంది ఊపిరి జబ్బు మనుషులు. ఇక్కడి దుమ్ము పీల్చి పీల్చి రొమ్ము బిగుసుకుపోయాక, దీవుల్లోని ఉప్పుగుహల్లో కొన్నాళ్ళు పడుకుని ఊపిరి కాస్త సాగదీసుకుని తిరిగొస్తారు. దీవులవాళ్ళకూ అదే బతుకుతెరువు.

పడవ కదలబోయే ముందు, సర్కారు హెచ్చరికలు చెప్పే చెవిపూసలు అందరివీ ఒక్కసారి పలికాయి. మెత్తని ఆడగొంతు. "ఉప్పుదీవులు: పసుపు. జాగ్రత్తగా ప్రయాణించండి." నిన్న అక్కడి సంతలో దండువాళ్ళు బాంబు పెట్టారట. కూరగాయలమ్మే ఆవిడ పోయింది. బయటివాళ్ళెవరూ దీవుల్లో అడుగు పెట్టకూడదన్నది ఆ దండు పంతం.

ఆ మాట వినగానే ఒక కుటుంబం సామాను దించుకుని వెళ్ళిపోయింది. వాళ్ళ పెద్దాయన మాత్రం మెట్ల మీద నిలబడి పడవ వైపు చూస్తూ దగ్గాడు. కోడలు చెయ్యి పట్టి లాక్కుపోయింది.

గురువారం. నారింజ.

అటు వెళ్ళేటప్పుడు పడవ ఖాళీ. ఇటు వచ్చేటప్పుడు నిలబడడానికి చోటు లేదు. వచ్చినవాళ్ళలో గుహల ఆసుపత్రి డాక్టర్లు కూడా ఉన్నారు. నారింజ పడితే వాళ్ళకు బీమా చెల్లదు, ఇంట్లోవాళ్ళు ఊరుకోరు. ఒక డాక్టరమ్మ నా పక్కన నిలబడి, దీవులు కనిపించినంతసేపూ వెనక్కే చూసింది.

"మళ్ళీ ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగాను.

"రంగు మారితే," అంది.

వాటంతట అవే నడిచే పడవలు రెండూ రేవులో కట్టేసి ఉన్నాయి. ఎరుపు రాకముందే వాటికి భయమేసిందని చిన్నాన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మధ్యాహ్నం వెనక బల్ల కింద ఎవరిదో సంచి కనబడింది. దగ్గర మనిషి లేడు. దాన్ని ఎత్తి నీళ్ళలోకి విసరబోతుంటే ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. అది ఆయన అన్నం డబ్బా. డబ్బా గుండెకు హత్తుకుని పోయి దూరంగా కూర్చున్నాడు.

సోమవారం. ఎరుపు.

ఎరుపు రంగులో పర్యాటకుల్ని ఎక్కించకూడదు. రోగుల్ని ఎక్కించాలా వద్దా అన్నది సరంగు ఇష్టానికి వదిలారు. ఇష్టం అంటే, ఏమైనా జరిగితే తప్పు నాదేనని.

ఈసారి వచ్చినవాళ్ళు పదిమంది కూడా లేరు. అందరూ ఇంక ఆగలేని స్థితిలో ఉన్నవాళ్ళే. చంద్రమౌళి అనే బట్టల వర్తకుడు భార్య కనకవల్లిని చక్రాల కుర్చీలో తోసుకొచ్చాడు. ఆవిడకు మాట కన్నా ముందు ఆయాసం వస్తుంది. ఆయన ప్రతివాళ్ళ సామానూ ఎగాదిగా చూస్తున్నాడు.

అందరికన్నా చివర పోలమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, ఎండిన కట్టెలా ఉంది. రేవు గేటులోని యంత్రం ఆమె మూట వాసన పట్టగానే కీచుమంది. పేలుడు మందు జాడ అని చూపించింది. కాపలావాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"నానేటి సేసినానమ్మా," అంది పోలమ్మ నాతో. "రాతి క్వారీలో మందు కూరేదాన్ని. సిన్నప్పటి సంది అదే పని. సీర ఉతికితే పోద్దేటి? ఒంట్లోకి దిగిపోనాది."

మూట నేనే విప్పాను. లోపల రెండు చీరలు, చిన్న దుప్పటి, ఎండుచేపలు, రొమ్ముకు రాసుకునే తైలం. ఇంకేమీ లేవు. అయినా నా భయం తీరలేదు. ఏమీ కనబడకపోవడమే ఇంకా అనుమానంగా అనిపించింది. అంతలో ఆమె దగ్గింది. కంకర మీద పార గీసినట్టు ఉంది ఆ దగ్గు. ఎక్కమన్నాను.

అదే రోజు, నడిసముద్రం.

ఒడ్డు కనుమరుగయ్యాక చెవిపూసలు మళ్ళీ పలికాయి.

"మీతో ప్రయాణిస్తున్నవారిలో పేలుడు పదార్థాల జాడ ఉన్న వ్యక్తి ఉన్నారు. అప్రమత్తంగా ఉండండి."

పేరు చెప్పలేదు. చెప్పనక్కర లేదు కూడా, గేటు దగ్గర అందరూ చూశారు. పోలమ్మ కూర్చున్న బల్ల చుట్టూ క్షణంలో ఖాళీ అయింది. ఆమె చెవికి పూస లేదు. అందరూ ఎందుకు లేచిపోయారో తెలియక అటూ ఇటూ చూస్తోంది.

చంద్రమౌళి నా దగ్గరికి వచ్చాడు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"సరంగు గారూ, ఆవిణ్ణి ఈ పడవలో ఉంచడానికి వీల్లేదు."

"మూట నేనే చూశానండీ. ఏమీ లేదు."

"మీరు చూస్తే సరిపోతుందా? యంత్రం కన్నా మీకు ఎక్కువ తెలుసా? నా భార్య లేచి నాలుగడుగులు వెయ్యలేదు. ఏదైనా అయితే దాన్నెత్తుకుని ఎక్కడికి దూకమంటారు?" ఆయన వేలెత్తి పడవ వెనక్కి చూపించాడు. "వెనకాల చిన్న పడవ ఉందిగా. అందులో కూర్చోబెట్టండి. తాడు కట్టి లాక్కెళదాం. చంపమనడం లేదుగా!"

తక్కినవాళ్ళు కళ్ళు దించుకున్నారు గాని, వద్దని ఒక్కరూ అనలేదు. కనకవల్లి మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని, ఆగి ఆగి, "ఎండ... మండిపోతోందండీ... పాపం," అంది. ఆయన వినిపించుకోలేదు.

గురువులు చిన్నాన్న నా మొహంలోకి చూశాడు. "అమ్మా రత్నా, ఇది నాయం కాదు."

న్యాయం కాదని నాకూ తెలుసు. కాని నా చెవిలో ఆ మెత్తని గొంతు అదే మాట మళ్ళీ మళ్ళీ చెబుతోంది. పోలమ్మ దగ్గరికి వెళ్ళి ఎలా చెప్పాలో తోచక నిలబడ్డాను. ఆమే మూట తీసుకుని లేచింది.

"తాడు గట్టిగా కట్టండి. నాకు ఈత రాదు," అంది.

చిన్నాన్న తన గొడుగూ, మంచినీళ్ళ కేనూ ఆమెకు ఇచ్చాడు. చుక్కాని పట్టుకుని వెనక్కి చూసినప్పుడల్లా ఆ నల్ల గొడుగు అలల మీద లేచి పడుతూ కనిపించింది. గాలి అటునుంచి వీచినప్పుడు దగ్గు వినిపించింది. అది వినిపించనప్పుడు నాకు ఇంకా భయమేసింది.

మంగళవారం. నలుపు.

దీవులు కనిపించే వేళకు ముందు పొగ కనిపించింది. కాసేపటికి శబ్దం వచ్చింది. పడవ అడుగున ఎవరో పిడికిలితో గుద్దినట్టు తగిలింది. పెద్ద రేవు కాలిపోతోంది. మేము సరిగ్గా దిగవలసిన చోటే అది. నీళ్ళలో చెక్కలు తేలి వస్తున్నాయి. ఒక చెక్కకు చెప్పు ఒకటి ఇరుక్కుని ఉంది.

"ఉప్పుదీవులు: నలుపు. ఎవరూ వెళ్ళరాదు. అక్కడివారు ఎవరూ రారాదు."

పడవ వెనక్కి తిప్పాను. కళింగరేవును రేడియోలో పిలిచాను. పలికిన కుర్రాడి గొంతు నాకు తెలుసు. రోజూ నాకు టీ ఇప్పించేవాడు.

"అక్కా, మీరు నలుపు నీళ్ళలోంచి వస్తున్నారు. పైగా పేలుడు మందు జాడ ఉంది. హద్దు దాటకండి. దాటితే కాపలా పడవలు కాల్చేస్తాయి. ఆర్డరక్కా. నేనేం చెయ్యను?"

"ఎంతకాలం ఆగాలి?"

"రంగు మారేదాకా."

"సిలిండర్లు అయిపోతున్నాయిరా. ఊపిరాడని మనుషులున్నారు."

రేడియో గరగరలాడింది. తర్వాత అదీ ఆగిపోయింది.

అప్పుడు అందరి చెవుల్లోనూ కొత్త హెచ్చరిక మోగింది. ఈసారి ఎవరికి వారికి విడివిడిగా వచ్చింది. చంద్రమౌళి చెవి పట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు.

"నా పేరు చెబుతోంది," అన్నాడు. "నేను అనుమానిత వ్యక్తినట. నాకు దూరంగా ఉండమని నాకే చెబుతోంది."

నేనూ చిన్నాన్నా తాడు లాగి పోలమ్మను పైకి ఎక్కించాం. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆమె పెదాలు పగిలి నెత్తురు కనిపిస్తోంది. కనకవల్లి సైగ చేసి తన పక్కన చోటు చూపించింది. పోలమ్మ చంద్రమౌళి మొహం వైపు ఒకసారి చూసి, వెళ్ళి కూర్చుంది.

బుధవారం. నలుపు.

హద్దు దగ్గర తిరుగుతూనే ఉన్నాం. దూరంగా కాపలా పడవ కనిపిస్తోంది. మేము ఎటు కదిలితే దాని తుపాకి అటు తిరుగుతోంది. మబ్బు పట్టడంతో బ్యాటరీలు సగానికి పడిపోయాయి. ఆఖరి సిలిండరు కనకవల్లికి పెట్టాం. ఆవిడ గోళ్ళు నీలంగా మారాయి. తక్కినవాళ్ళు కిటికీల దగ్గర నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. పడవంతా ఈలలాంటి శబ్దమే.

చంద్రమౌళి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "ఏదో ఒకటి చెయ్యండమ్మా. ఎటైనా సరే."

కళింగరేవుకు పోతే కాల్పులు ఖాయం. దీవులకు పోతే ఏమవుతుందో తెలియదు. చిన్నాన్నను అడిగాను.

"తెలిసిన సావు కంటే తెలీంది నయం," అన్నాడు. "రేవు నేకపోతే ఏటి? ఉప్పుమడుల కాడ నీళ్ళు మోకాలి లోతే. ఆ దారి నానెరుగుదును."

చుక్కాని తిప్పాను. చెవిపూస అరుస్తూనే ఉంది. తీసి జేబులో పడేశాను. తీశాక నిశ్శబ్దం ఇంకా భయపెట్టింది.

గురువారం. నలుపు.

తెల్లవారింది. ఉప్పుమడుల గట్టు మీద మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. ఐదారు తుపాకులు, తక్కినవాళ్ళ చేతుల్లో చేపల బల్లేలు. వాళ్ళ చెవుల్లో మా గురించి ఏం మోగుతోందో ఊహించడం కష్టం కాదు.

"అక్కడే ఆగండి!" అని ఒకాయన అరిచాడు. తర్వాత తెలిసింది ఆయన పేరు దానయ్య, ఆ ఉప్పుమడుల పెద్ద. "కదిల్తే కాల్చేస్తాం. బాంబుల పడవని మాకు తెల్సు!"

"రోగులయ్యా! వెండిపొలుసు ఇది! నేను సరంగు నూకరత్నాన్ని!"

"ఎవులైతే మాకేటి? మొన్న రేవులో పేల్చినోడు కూడా రోగిలాగే దిగినాడు!"

పెద్ద పడవ ఇంకాస్త ముందుకెళితే కాల్పులు తప్పవు. ఎవరో ఒకరు దిగి నడిచి వెళ్ళాలి. పోలమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, మూట నెత్తిన పెట్టుకుంది.

"నన్ను దింపీయండి. అనుమానం నా మీదే కదా. నన్ను సూసినాక తేల్చుకుంటారు."

"నీకు ఈత రాదు," అన్నాను.

"మోకాలి లోతన్నాడు కదా మీ సిన్నాన్న."

ఆమెను ఒక్కదాన్నే మళ్ళీ ఆ నీళ్ళ మీదికి పంపడం నావల్ల కాలేదు. నేనూ దిగాను. ధైర్యంతో దిగానని రాసుకోలేను. ఇద్దరం చేతులు పైకెత్తి నడిచాం. అడుగున ఉప్పు గాజుపెంకుల్లా గుచ్చుకుంది. తుపాకి గొట్టాల చివర నల్లటి సున్నాలు కనిపించేంత దగ్గరికి వచ్చాం.

"ఆగండి! ఆ మూట నీళ్ళలో పారెయ్!" దానయ్య మళ్ళీ అరిచాడు. కుర్రాడొకడు తుపాకి నా ముఖానికి గురిపెట్టి, రెండో చేత్తో చెవి మూసుకుని ఏడుస్తున్నాడు.

పోలమ్మ మూట పారేసింది. చీర ఒకటి విచ్చుకుని నీళ్ళ మీద పరుచుకుంది. అప్పుడు ఆమెకు దగ్గు తెర వచ్చింది. ఆపుకుందామని చూసింది, కాలేదు. మోకాళ్ళ మీద పడిపోయింది. పొట్ట పట్టుకుని, తల నీళ్ళకు తగిలేలా వంగి, ఊపిరి లోపలికి లాగలేక దగ్గింది. నేను పట్టుకోబోతే "కదలొద్దు!" అని ఎవరో అరిచారు. చేతులు పైకెత్తి అలాగే నిలబడ్డాను. నా కళ్ళ ముందే ఆమె మొహం నల్లబడుతోంది.

గట్టు మీద ఒక ముసలామె, "ఒరే దానయ్యా, అది రాయిదగ్గురా!" అంది.

ఆ దీవుల్లో పుట్టినవాళ్ళకు రాతిదుమ్ము తెచ్చే ఆ దగ్గు పరాయిది కాదు. వాళ్ళ ఇళ్ళల్లో అద్దెకుండే రోగులందరిదీ అదే. దానయ్య ఇంకా కదల్లేదు. పెదాలు కొరుక్కుంటూ ఆమెనూ, పడవనూ మార్చి మార్చి చూశాడు. చివరికి తుపాకి పక్కవాడి చేతిలో పెట్టి, నీళ్ళలోకి దిగాడు. ఒక్కో అడుగూ అగ్గిలో వేస్తున్నట్టు వేశాడు. దగ్గరికొచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసే ముందు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఏమీ పేలలేదు.

"బేగి రండ్రా!" అని వెనక్కి తిరిగి కేకేశాడు.

శనివారం. నలుపు.

కనకవల్లిని నలుగురు మోసుకెళ్ళి గుహలో పడుకోబెట్టారు. మంచాలున్నాయి, మందులు ఉన్నాయి, ఉప్పుగాలి ఉంది. డాక్టర్లు లేరు. నారింజ రోజున నా పడవలోనే అందరూ వెళ్ళిపోయారు. దానయ్య వాళ్ళ ముసలామె తనకు తెలిసిందంతా చేసింది. నిన్న పొద్దుటి వేళ కనకవల్లి పోయింది. చంద్రమౌళి చాలాసేపు ఆవిడ పాదాలు రుద్దుతూనే ఉన్నాడు. పోలమ్మే వెళ్ళి ఆయన చేతులు విడదీసింది.

ఈరోజు రేడియోలో వార్త విన్నాం. గురువారం ఉదయం గుర్తు తెలియని పడవ ఒకటి పేలుడు పదార్థాలతో ఉప్పుదీవుల్లో చొరబడిందట. అందువల్ల నలుపు కొనసాగుతుందట.

"అది మనమేనేటి?" అంది పోలమ్మ.

చిన్నాన్న తల ఊపాడు. దానయ్య నవ్వబోయి మానేశాడు. "దండోడు ఇంక బాంబు పెట్టక్కర్నేదు," అన్నాడు. "మన కొంపలో మనం తుమ్మినా సాలు."

మరుసటి శుక్రవారం. నలుపు.

కళింగరేవు నుంచి చిన్నాన్నకు బేపనయ్య అనే పాత స్నేహితుడి కబురు వచ్చింది. చేపలు పట్టేవాడు. రేవు గేటు బయట ఊపిరాడనివాళ్ళు రోజురోజుకూ ఎక్కువవుతున్నారట. తెప్పల మీద హద్దు దాకా తెస్తాను, అక్కడి నుంచి మీరు తీసుకుపోతారా అని అడిగాడు. సరేనన్నాం. చంద్రమౌళి తానూ వస్తానన్నాడు. రోగుల్ని ఎత్తి పడవలో వెయ్యడానికి ఒక మనిషి కావాలి కదా అన్నాడు.

ఇప్పుడు హద్దు దగ్గర ఉన్నాం. పొద్దు బాగా ఎక్కినా పొగమంచు వీడలేదు. కాపలా పడవ కనబడడం లేదు. అది ఎక్కడుందో తెలియడం లేదు. వాసన పట్టే గేటు ఇక్కడ లేదు. ఎవరు ఎవరో చెప్పే గొంతూ లేదు. రేవు పేల్చినవాడు రోగిలాగే దిగాడన్న మాట ఒక్కటే తలలో తిరుగుతోంది.

మంచులోంచి తెడ్ల చప్పుడు వినిపించింది. మొదటి తెప్ప కనిపించింది. బేపనయ్య అందులో లేడు. తెడ్డు వేస్తున్నవాడు నాకు తెలియదు, చిన్నాన్నకూ తెలియదు. తెప్ప మీద తలదాకా దుప్పటి కప్పుకున్న మనిషి ఒకరు ఉన్నారు. ఆడో మగో తెలియలేదు. దుప్పటి కింద ఏదో గట్టిగా పట్టుకుని ఉన్నారు.

"ఎవరు మీరు?" అని అడిగాను. జవాబు రాలేదు. ఆ మనిషికి మాట్లాడే ఊపిరి లేదో, చెప్పడం ఇష్టం లేదో.

చంద్రమౌళి నా వైపు చూశాడు. ఆయన ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. నాదీ అలాగే ఉండి ఉంటుంది. తెప్ప వచ్చి మా పడవకు మెల్లగా తగిలింది.

నేను వంగి చెయ్యి అందించాను.